బిజినెస్ క్లాస్ టికెట్ నాలుగు రెట్లు ఎందుకు? ముందు వరుసల లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. హన్మకొండలో ఉంటున్న మీ అమ్మగారిని డాలస్‌లో ఉన్న మీ ఇంటికి పిలిపించుకోవాలి. ఆమెకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. శంషాబాద్‌లో ఎక్కి గల్ఫ్‌లో విమానం మారి వెళ్లే దారిలో రానూపోనూ ఎకానమీ 1,10,000 రూపాయలు, ప్రీమియం ఎకానమీ 2,30,000, బిజినెస్ 4,20,000 చూపిస్తోంది. “ఒకే విమానం, ఒకే పైలట్, అందరూ ఒకేసారి దిగుతారు. ఆ నాలుగు రెట్లు దేనికి? వెండి పళ్లెంలో భోజనం పెడతారా? ఇది దోపిడీ కాదా?” అని అడిగారు.

నేను గల్ఫ్‌లోని ఒక విమాన సంస్థలో టికెట్ల ధరలు నిర్ణయించే విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు కాజీపేటలో విశ్రాంతిగా ఉంటున్నాను. దోపిడీ అవునో కాదో లెక్క చూశాక మీరే తేల్చుకోండి. ఒక మాట మాత్రం ముందే చెబుతాను. మీకు కనబడిన 4,20,000 అసలైన బిజినెస్ ధర కాదు. అది మీలాంటి వారి కోసం ప్రత్యేకంగా తగ్గించి పెట్టిన ధర. ఆ ధరకు అమ్మితే సంస్థకు మిగిలేది చాలా తక్కువ. నమ్మబుద్ధి కావడం లేదు కదా?

భోజనం సంగతి మొదట తేల్చేద్దాం. వెండి పళ్లెం కాదు, పింగాణీదే. ఆ పళ్లెం, అందులోని కూర, మెత్తటి దుప్పటి, ఎక్కే ముందు లాంజ్ అనే ప్రత్యేక విశ్రాంతి గదిలో తినే దోసె, అన్నీ కలిపినా మీరు అదనంగా కట్టేదానిలో చిన్న ముక్క. ధరలు వేసే సమావేశాల్లో భోజనం ఖర్చు గురించి ఎవరైనా వాదించుకున్నట్టు నాకు గుర్తు లేదు. విమానంలో ఖరీదైనది నేల. గొట్టంలాంటి ఆ విమానం పొడవు ఎవరి కోసమూ ఒక్క అంగుళం పెరగదు. ఉన్నదానిలో ఎవరికి ఎంత ఇచ్చాం, ఎంతకు ఇచ్చాం అన్నదే మొత్తం వ్యాపారం.

సీట్ల లెక్క అందరికీ తెలిసిన విమానాన్నే తీసుకుందాం. ఎయిర్ ఇండియా ఏ350-900లో మొత్తం 316 సీట్లు. బిజినెస్ 28, ప్రీమియం ఎకానమీ 24, ఎకానమీ 264. బిజినెస్‌లో వరుసకు నలుగురు కూర్చుంటారు, ప్రీమియంలో ఎనిమిది మంది, ఎకానమీలో తొమ్మిది మంది. ఒక వరుసకూ దాని వెనుక వరుసకూ దూరం ఎకానమీలో 31 అంగుళాలు, ప్రీమియంలో 38 అంగుళాలు అనుకోండి. పెద్ద విమానాలన్నిటిలోనూ రమారమి ఇంతే. పడుకునే సీట్లు ఒకదానిలో ఒకటి ఏటవాలుగా ఇమిడిపోతాయి కాబట్టి ఆరున్నర అడుగుల మంచానికి వరుసకు 44 అంగుళాలు వేసుకుంటే సరిపోతుంది. ఇప్పుడు భాగించండి. విమానం పొడవులో ఎకానమీ ప్రయాణికుడి వాటా మూడున్నర అంగుళాల లోపు. ప్రీమియం ప్రయాణికుడిది నాలుగు ముప్పావు. బిజినెస్ వారిది పదకొండు. ఎకానమీని ఒకటి అనుకుంటే ప్రీమియం 1.4, బిజినెస్ 3.2.

దీని పక్కన మీ మూడు ధరలు పెడదాం. అందులోంచి ప్రభుత్వ వాటా ముందుగా తీసేయాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం, మిగతా తరగతుల మీద 18 శాతం. అంతకు ముందు అది 12గా ఉండేది. విమానాశ్రయ రుసుముల వంటివి పక్కన పెట్టి రమారమి లెక్క వేస్తే మీ 4,20,000లో 64,000 పన్నే. ఎకానమీ టికెట్‌లో పన్ను అయిదు వేల పైచిలుకు మాత్రమే. పన్ను పోగా సంస్థ చేతికి వచ్చేవి 1,05,000, 1,95,000, 3,56,000. అంటే ఒకటికి ప్రీమియం 1.86, బిజినెస్ 3.4.

ఇప్పుడు చూడండి. బిజినెస్‌కు ఇచ్చిన నేల 3.2 రెట్లు, వచ్చిన డబ్బు 3.4 రెట్లు. ఆ కాస్త తేడాలోంచే లాంజ్, అదనపు సిబ్బంది, భోజనం అన్నీ పోవాలి. ఎకానమీ సీటు బరువు పది కిలోల చుట్టూ ఉంటే మోటార్లు, తెరలు, చెక్క గోడలతో కూడిన పడుకునే సీటు 80 కిలోల పైమాటే. దాని ఖరీదు మంచి కారు ధరకు తక్కువ కాదు. ఇంజిన్లు, రెక్కలు సిద్ధంగా ఉండి కూడా ఈ ముందు సీట్లకు భద్రతా అనుమతులు రాక కొత్త విమానాలు కర్మాగారాల ముందు నిలబడిపోయిన సందర్భాలు ఈమధ్య కాలంలోనే ఉన్నాయి. కాబట్టి మీరు 4,20,000 కట్టి ఎక్కితే ఆ సీటు దాదాపుగా తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది, అంతే.

మరి లాభం ఎక్కడుంది? రెండు చోట్ల ఉంది. ఒకటి మీ కళ్ల ముందే ఉంది, ప్రీమియం ఎకానమీ. నేల 1.4 రెట్లు, డబ్బు 1.86 రెట్లు. సీటు కాస్త వెనక్కి వాలుతుంది, కాళ్లకు కొంచెం జాగా, భోజనం కాస్త మెరుగు. మోటారు లేదు, మంచం లేదు. వరంగల్‌లో వందే భారత్ ఎక్కిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఛైర్ కార్‌లో వరుసకు అయిదుగురు, ఎగ్జిక్యూటివ్‌లో నలుగురు, ఛార్జీ మాత్రం దాదాపు రెట్టింపు. 1990ల మొదట్లో ఈవీఏ ఎయిర్, వర్జిన్ అట్లాంటిక్ ఈ తరగతి తెచ్చినప్పుడు పెద్ద సంస్థలు చాలా ఏళ్లు దాని జోలికి పోలేదు. బిజినెస్ కొనేవాళ్లు దిగివచ్చి ఇందులో కూర్చుంటారేమోనని భయం. నేను పనిచేసిన చోటా ఇదే వాదన నడిచింది. ఒక సమావేశంలో ప్రీమియం సీటుకు కాళ్ల కింద మరికొంత ఊతం ఇద్దామని ఒకరు ప్రతిపాదించారు. ఖర్చు చాలా తక్కువ. అయినా కాదన్నారు. కారణం ఖర్చు కాదు, “అది మరీ సుఖంగా ఉంటుంది” అన్నారు. ఆ మాట విని నేను నవ్వాను కానీ ఆ లెక్కలో తప్పేమీ లేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. జూల్ డ్యుప్యూయి అనే ఫ్రెంచి ఇంజనీరు 1849లోనే దీన్ని పట్టుకున్నాడు. ఆనాటి రైళ్లలో మూడో తరగతి పెట్టెలకు కప్పు ఉండేది కాదు. కప్పు వేయడానికి డబ్బు లేక కాదు, పేదవారిని బాధపెట్టాలనీ కాదు, రెండో తరగతికి డబ్బు పెట్టగలిగినవాడు మూడో తరగతి వైపు చూడకుండా ఉండటానికే అని ఆయన తేల్చాడు. ఎకానమీలో మోకాళ్లు ముందు సీటుకు తగిలిన ప్రతిసారీ ఆయన్ని తలుచుకోవచ్చు. అయితే ఎకానమీ ఇరుకుకు ఇదొక్కటే కారణం అనుకోవద్దు. రెండు వేల రూపాయలు తక్కువకు వస్తుందంటే మరో సంస్థకు మారిపోయేది మనమే.

రెండో చోటు అసలు చోటు. బిజినెస్ క్యాబిన్‌లో 28 సీట్లు ఉన్నా వాటికి ధర ఒకటి కాదు. మా భాషలో వాటిని బకెట్లు అంటారు, ఒక్కో బకెట్‌కు ఒక్కో ఇంగ్లిషు అక్షరం. చాలా సంస్థల్లో జె అంటే పూర్తి ధర, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఆ తర్వాత సి, డి, ఐ, జెడ్ అంటూ దిగుతూ పోతాయి. దిగేకొద్దీ ధర తగ్గుతుంది, షరతులు పెరుగుతాయి. మీరు మూడు నెలల ముందు చూసింది అట్టడుగు బకెట్ అయి ఉంటుంది. అదే సీటు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు చూస్తే ఎనిమిది లక్షలు చూపించినా నేను ఆశ్చర్యపోను. దాన్ని కొనేది ఎవరు? హైదరాబాద్‌లోని ఏదో మందుల కంపెనీలో అధికారి. అమెరికా నుంచి తనిఖీ కబురు వచ్చింది, సోమవారం పొద్దున అక్కడ ఉండాలి, దిగిన గంటకు సమావేశం, జేబు తనది కాదు. ఆయన ధర చూడడు, సమయం చూస్తాడు.

ఇప్పుడు ఈ ఊహను లెక్కలో పెడదాం. 316 సీట్లూ మీరు చెప్పిన ధరలకే అమ్ముడైతే పన్ను పోగా మొత్తం రాబడి సుమారు 4 కోట్ల 23 లక్షలు. అందులో బిజినెస్ వాటా కోటికి కాస్త తక్కువ, అంటే 23 శాతం చిల్లర. విమానం నేలలో అది ఆక్రమించేదీ దాదాపు 23 శాతమే. అంటే నేలకు తగ్గ రాబడి, అంతకు మించి లేదు. కానీ ఆ 28 మందిలో పది మంది పన్ను కాక ఎనిమిది లక్షల ధరకు కొన్నారనుకోండి. అదనంగా 44 లక్షలు. దీనికి సంస్థ పెట్టిన అదనపు ఖర్చు దాదాపు సున్నా. అదే సీటు, అదే కూర. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఎటిఎ లెక్కల ప్రకారం ప్రపంచ విమాన సంస్థలకు ఈమధ్య ఒక్కో ప్రయాణికుడి మీద మిగిలే నికర లాభం ఏడు డాలర్ల చుట్టూ. అది చిన్నా పెద్దా విమానాలన్నిటి సగటే అయినా, 316 మందికి రానూపోనూ కలిపి వేస్తే నాలుగు లక్షల రూపాయల చుట్టుపక్కల తేలుతుంది. ఆ 44 లక్షల పక్కన దీన్ని పెట్టి చూడండి. ఈ విమానం లాభంలో దిగుతుందా నష్టంలో దిగుతుందా అన్నది ఆ పది మంది చేతిలో ఉంది. కోవిడ్‌కు ముందు అంతర్జాతీయ ప్రయాణికుల్లో ముందు క్యాబిన్లలో కూర్చునేవారు సుమారు 5 శాతమే, ఆదాయంలో వారి వాటా మాత్రం 30 శాతం దాకా ఉండేది. 2017-18లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ హీత్రో, న్యూయార్క్ జెఎఫ్‌కె మధ్య ఒక్క దారిలోనే ఏడాదికి వంద కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. అక్కడ అటూ ఇటూ తిరిగేది బ్యాంకులవాళ్లు, వకీళ్లు.

అయితే ఆ పది సీట్లను చివరి వారం దాకా ఖాళీగా ఉంచాలి. ఇదే మా ఉద్యోగంలో నిద్ర పట్టనివ్వని భాగం. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి రెండు నెలలు ఆగవచ్చు. సీటుకు కోల్డ్ స్టోరేజీ లేదు. తలుపు మూసిన నిమిషంలో దాని విలువ పోయింది. ముందుగా మీకు 4,20,000కు అమ్మేస్తే రేపు ఎనిమిది లక్షలు పట్టుకొచ్చేవాడికి సీటు లేదు. అమ్మకుండా ఆపితే, వాడు రాకపోతే, సున్నా. అందుకే పాత ఏడాది అమ్మకాలు, పండుగలు, సెలవులు, సదస్సులు అన్నీ చూసి ఏ బకెట్‌లో ఎన్ని ఉంచాలో రోజూ సవరిస్తారు. 1978లో అమెరికా తన దేశంలో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ అదుపు ఎత్తేశాక అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో రాబర్ట్ క్రాండల్ నాయకత్వంలో ఈ విద్య బాగా ఎదిగింది. 1985లో వారు చవక టికెట్లను లెక్కపెట్టి మరీ అమ్మడం మొదలుపెడితే, అన్ని సీట్లూ చవకగా అమ్మే పీపుల్ ఎక్స్‌ప్రెస్ రెండేళ్లలో కనుమరుగైంది.

చాలామంది నన్ను అడిగే మరో మాట: “చివరి రోజున ఖాళీగా ఉన్న బిజినెస్ సీట్లు సగం ధరకు అమ్మేయవచ్చు కదా?” అమ్మరు. ఒకసారి అలా చేస్తే ఆ మందుల కంపెనీ అధికారి కూడా చివరి రోజు దాకా ఆగడం నేర్చుకుంటాడు. దానికన్నా ఖాళీగా పోనివ్వడమే మేలు. అందుకే బాహాటంగా తగ్గించకుండా పక్కదారిన ఇస్తారు. తరచూ ప్రయాణించి మైళ్ల పాయింట్లు పోగేసినవారికి, పై తరగతి సీటుకు వేలంలో పాడినవారికి, ఎకానమీ నిండిపోతే ఎవరో అదృష్టవంతుడికి, అప్పుడప్పుడు మాలాంటి సిబ్బందికి. నేను మొదటిసారి ముందు మంచం మీద పడుకున్నప్పుడు ఒక్క నిమిషం నిద్రపోలేదు. అన్ని మీటలూ నొక్కి చూడటంతోనే తెల్లారింది.

“అయితే ముందువాళ్లు వెనకవాళ్లను పోషిస్తున్నారన్న మాట” అనే ముగింపుకు తొందరపడకండి. ఈ మాట విమాన సంస్థలవాళ్లే గొప్పగా చెబుతారు, నాకు మాత్రం ఎప్పుడూ నచ్చలేదు. సుల్తానాబాద్ వైపు రైస్ మిల్లు నడిపే మా బంధువు ఒకాయన దీన్ని నాకన్నా బాగా చెబుతాడు. కస్టమ్ మిల్లింగ్‌కు, అంటే ప్రభుత్వం కొన్న వడ్లను ఆడించి ఇవ్వడానికి, క్వింటాలు వడ్లు తీసుకుంటే 67 కిలోల పచ్చి బియ్యం ప్రభుత్వానికి అప్పజెప్పాలి. నూకలు, తవుడు, ఊక మిల్లర్‌కు మిగులుతాయి. తవుడు నూనె మిల్లుకు పోతుంది, ఊక బాయిలర్‌కు పోతుంది. బియ్యం తవుడును పోషిస్తోందా, తవుడు బియ్యాన్ని పోషిస్తోందా? ఆ ప్రశ్నకు అర్థం లేదు. వడ్లు ఆడించినప్పుడు అన్నీ కలిసే వస్తాయి, అన్నీ అమ్ముడైతేనే మిల్లు తిరుగుతుంది. విమానమూ అంతే. ముందు 28 మంది, మధ్య 24 మంది, వెనక 264 మంది, కింద పొట్టలో సరుకు. హైదరాబాద్ నుంచి పోయే మందుల పెట్టెలు కూడా టికెట్ కొన్న ప్రయాణికుడితో సమానమే.

తవుడు పారబోసి బియ్యం మాత్రమే అమ్ముతామన్న మిల్లులు కూడా ఆకాశంలో వచ్చాయి. మ్యాక్స్‌జెట్, ఈయోస్, సిల్వర్‌జెట్ అనే మూడు సంస్థలు ఎకానమీ లేకుండా బిజినెస్ మాత్రమే పెట్టి లండన్, న్యూయార్క్ మధ్య ఎగిరాయి. 2007 డిసెంబర్ నుంచి 2008 మే నెలాఖరు లోపు మూడూ మూతపడ్డాయి. ఇంధనం ధర మండిపోయింది, ఆర్థిక మాంద్యం తరుముకొచ్చింది, అంతకు మించి రోజుకు ఒకటి రెండు విమానాలు నడిపేవాడి దగ్గర తొందరలో ఉన్న అధికారి టికెట్ కొనడు. తన సమావేశం ఆలస్యమైతే గంటన్నరలో మరో విమానం ఉండాలి అతనికి. అన్ని విమానాలు నడపాలంటే వెనుక 264 మంది కావలసిందే. దీనికి మినహాయింపు మరీ దూరపు ప్రయాణాలు. 2018 నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్ దగ్గరి నెవార్క్‌కు నడుపుతున్న ఏ350లో 161 సీట్లే. 67 బిజినెస్, 94 ప్రీమియం, ఎకానమీ అసలు లేదు. అంత దూరానికి ఇంధనమే మోయలేనంత బరువు, మనుషులను తగ్గించక తప్పదు, ఉన్నవారే ఎక్కువ కట్టాలి.

ఫస్ట్ క్లాస్ గురించి మీరు అడగలేదు, ఒక్క మాటతో సరిపెడతాను. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్‌లోనే పూర్తిగా చదునైన మంచం పెట్టాక ఫస్ట్ అమ్ముకోవడానికి చెప్పే కారణం సన్నబడిపోయింది. చాలా సంస్థలు దాన్ని మెల్లగా తీసేస్తున్నాయి.

మరొకటి చెప్పకపోతే నాకు మనసొప్పదు. మీ అమ్మగారు ఎక్కే హైదరాబాద్, గల్ఫ్ విమానంలో వెనుక భాగం నిండా జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ కార్మికులు ఉంటారు. నాలుగు గంటల ప్రయాణం. వారికి తేదీ మార్చుకునే వీలు ఆ మందుల కంపెనీ అధికారి కన్నా తక్కువ. సెలవు ఎప్పుడో యజమాని చెబుతాడు, పెళ్లో చావో ఊరు చెబుతుంది. రంజాన్‌కు, వేసవి సెలవులకు ఛార్జీలు పెరిగేది అందుకే. తప్పనిసరిగా పోవలసినవాడి దగ్గర ఎక్కువ తీసుకోవడం అనే సూత్రం ముందు క్యాబిన్‌లోనూ వెనుక క్యాబిన్‌లోనూ ఒకటే. ముందు కూర్చున్నవాడి బిల్లు కంపెనీ కడుతుంది, వెనుక కూర్చున్నవాడిది జీతంలోంచి పోతుంది. దోపిడీ అన్న మాట వాడాలంటే నేనైతే ఇక్కడ వాడతాను.

ఇక మీరు ఏం కొనాలి? మొత్తం దారికి ఒకే తరగతి కొనవలసిన అవసరం లేదు. మొదటి ముక్క నాలుగు గంటలు, మన ఊరి నుంచి శంషాబాద్‌కు కారులో పోయే సమయం కన్నా కాస్త ఎక్కువ, అంతే. దానికి ఎకానమీ చాలు. గల్ఫ్ నుంచి డాలస్ ముక్క పదహారు గంటలు, మోకాళ్లకు పరీక్ష అక్కడే. ఆ ముక్కకు మాత్రమే పై తరగతి కొనే వీలు చాలా సంస్థల్లో ఉంటుంది. వెబ్‌సైట్ చూపించకపోతే ఫోను చేసి లేదా ఏజెంటును అడగండి. ఎదురుగాలి వల్ల వెళ్లేటప్పటి ప్రయాణం వచ్చేటప్పటి కన్నా గంట పైగా ఎక్కువ. కాబట్టి ఒకవైపే పెట్టగలిగితే వెళ్లేటప్పుడు పెట్టండి.

డబ్బు పరంగా చూస్తే సంస్థకు ఎక్కువ మిగిల్చే తరగతి ప్రీమియం ఎకానమీ, అంటే కొనేవారికి బేరం అంత మంచిది కాదు. మీ ధరల దగ్గర బిజినెస్ నిజానికి న్యాయమైన ధరకే దొరుకుతోంది, భరించగలిగితే. నేను మీ స్థానంలో ఉంటే ఎకానమీ లేదా ప్రీమియం తీసుకుని, టికెట్ చేతికి వచ్చాక సంస్థ పంపే అప్‌గ్రేడ్ (పై తరగతికి మార్పు) వేలంలో పొడవాటి ముక్కకు మాత్రమే పాడతాను. సీట్ల పటంలో బిజినెస్ ఖాళీగా కనబడితే కనీస మొత్తానికి కాస్త పైన పాడితే చాలు. అయితే సీట్ల పటాన్ని పూర్తిగా నమ్మవద్దు, ఖాళీగా కనబడేవాటిలో కొన్ని ఇంకా సీటు ఎంచుకోనివారివి కూడా కావచ్చు. పండుగలు, సెలవులు ఉన్న వారాలు తప్పించి మంగళ, బుధవారాల్లో తేదీ పెట్టుకోండి. ఆ మందుల కంపెనీ వాళ్లు ఆ రోజుల్లో తక్కువగా కదులుతారు, వేలంలో మీ పాట నెగ్గే అవకాశం ఎక్కువ.

చక్రాల కుర్చీ టికెట్ కొన్నప్పుడే అడగండి, దానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. ఏ తరగతి అయినా నడవ పక్క సీటు ఇప్పుడే ఎంచుకోండి. రెండు గంటలకోసారి లేచి నాలుగు అడుగులు వేయమని అమ్మగారికి చెప్పండి, అంత సేపు కదలకుండా కూర్చోవచ్చో లేదో ఒకసారి డాక్టరును కూడా అడగండి. వేలం ఫలితం సాధారణంగా ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు ఈమెయిల్‌కు వస్తుంది. బుకింగ్‌లో అమ్మగారిది కాకుండా మీ ఈమెయిల్ ఇవ్వండి.